నాలుగో మెట్టు

జరిగిన కథ మరిచిపోయినవాళ్లకు రెండు ముక్కల్లో గుర్తుచేస్తాను. మన కోపం టీచరు బళ్లో పిల్లలకు కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పుతుంది. ఆమెకు అసలు పేరు ఒకటి ఉన్నా పిల్లల నోట్లో నానింది ఈ పేరే. నాలుగో తరగతి చదువుతున్న గువ్వ ఆమెకు స్వయానా అన్నకూతురు. బడి మొత్తంలో నోట్లో నాలుక లేని పిల్ల ఎవరని అడిగితే అందరి వేళ్లూ దానివైపే తిరుగుతాయి. అలాంటి గువ్వ నిన్న, అదీ కోపాన్ని చల్లార్చుకునే ఆట ఆడుతుండగా, తన పక్కన కూర్చునే సోడాబుడ్డి అనే పిల్లాణ్ని స్టీలు నీళ్లసీసాతో మొహం మీద కొట్టింది. వాడి కళ్లద్దాలు పగిలాయి, కనుబొమ్మ చీరుకుపోయి కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది, అదే పదివేలు.

ఎందుకు కొట్టావంటే గువ్వ ఉలకలేదు, పలకలేదు. అక్కడ ఆగాం మనం.

మర్నాడు మధ్యాహ్నం టీచరు గదిలో అత్తా మేనకోడలూ ఎదురెదురుగా కూర్చున్నారు. గది అని పేరే గానీ అది ఒకప్పుడు ఆటసామాను పడేసిన కొట్టు. ఇప్పటికీ ఎండెక్కితే రబ్బరు బంతుల వాసన వేస్తుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, నేల మీద చాప, గోడ నిండా పిల్లలు గీసిన కోపం బొమ్మలు. ఒకడు తన కోపాన్ని విజిల్ వేస్తున్న కుక్కరులా గీశాడు. ఇంకొకతె పళ్లున్న చెప్పును గీసింది. గువ్వ ఇచ్చిన కాగితం మాత్రం తెల్లగా ఉంది. "నాకు కోపం రాదత్తా" అంది ఆ రోజు. టీచరు మురిసిపోయి ఆ తెల్లకాగితాన్నే అన్నిటికంటే పైన అంటించింది. ఇవాళ దానివైపు చూస్తుంటే ఆమెకు ఒళ్లు మండుతోంది.

"వాడు నిన్నేమైనా అన్నాడా?"

గువ్వ తల అడ్డంగా ఊపింది.

"గిల్లాడా? జడ లాగాడా?"

మళ్లీ అడ్డంగానే ఊపింది.

"మరి ఊరికే కొట్టావా? ఏ కారణం లేకుండా కొడతారా ఎవరైనా? వాడి కన్ను పోయుంటే?"

గువ్వ తన బూట్ల వైపు చూసుకుంటూ కూర్చుంది. ఈ బూట్ల దగ్గర కూడా ఒక పేచీ ఉంది. కోపం క్లాసులో పిల్లలంతా బూట్లు విప్పి చాప మీద కూర్చోవాలి. గువ్వ ఒక్కతే విప్పదు. మొండిఘటం, అచ్చం వాళ్ల నాన్న పోలికే అనుకుని టీచరు నవ్వుకుని వదిలేసేది.

ఇప్పుడు నవ్వు రాలేదు. గోడను అడిగినా ఏదో ఒకటి బదులొచ్చేదేమో, ఈ పిల్ల దగ్గర్నుంచి రావడం లేదు. కోపం నేర్పే మనిషికీ కోపం వస్తుంది, అందులో సిగ్గుపడేదేమీ లేదని ఆమే పిల్లలకు చెబుతుంది. ఆ మాట ప్రకారమే చేద్దామనుకుంది.

"చూడు గువ్వా, నాకిప్పుడు కోపం వస్తోంది. నిజంగానే వస్తోంది. నేనేం చేస్తానో చూడు," అంటూ ఎడమచేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టింది.

ఆమె పాఠమంతా నాలుగు మెట్లు. మొదటిది, చేతికున్న వాచీయో గాజో తీసి పక్కన పెట్టాలి. కొట్టడానికి లేచే చేతికి ముందు ఒక పని దొరుకుతుంది. రెండోది, కిటికీ తెరిచి గాలి పీల్చుకోవాలి. మూడోది, గ్లాసెడు నీళ్లు మెల్లగా తాగాలి. నాలుగోది, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోవాలి. ఏటా మొదటి క్లాసులో "నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు" అని మొదలుపెట్టి, ముక్కు మీద కోపం ఉన్న ఆయన ఈ నాలుగు మెట్లూ ఎక్కి శాంతమూర్తి ఎలా అయ్యాడో కథగా చెబుతుంది. పిల్లలు దానికి వాచీ ఆయన కథ అని పేరు పెట్టుకున్నారు. ఆ వాచీ ఆయన ఆమె సొంత అన్నయ్యే, గువ్వ వాళ్ల నాన్నే. పోయినేడు బడి వార్షికోత్సవంలో ఆయన్ని వేదిక ఎక్కించి చప్పట్లు కూడా కొట్టించింది.

టీచరు వాచీ బల్ల మీద పెట్టగానే గువ్వ లేచింది. చప్పుడు చేయకుండా కిటికీ దగ్గరికి వెళ్లి, తెరిచి ఉన్న రెండు రెక్కలూ లాగి గడియ పెట్టింది. తిరిగి వచ్చి చాప మీద కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది. ముఖంలో ఏడుపు లేదు. బడికి వేళవుతుంటే తయారయ్యే పిల్లలా తన పని తాను చేసుకుపోతోంది.

"నీళ్లు నేను తెచ్చివ్వనా అత్తా?" అంది.

గువ్వ ఒక బూటు తీసి పక్కన పెట్టింది, రెండోది తీసింది. మేజోళ్లు తీస్తున్నప్పుడు పెదవి కొరుక్కుంది. తరవాత కాళ్లు చాచి, మడమలు చాప అంచున పెట్టి, కళ్లు మూసుకుంది.

ఆ అరికాళ్లు టీచరు చూసింది. అక్కడున్నది వివరించడానికి నాకు మనసొప్పడం లేదు. పాత మచ్చల మీద కొత్త దెబ్బల వాతలు ఉన్నాయి, అంతవరకు చాలు.

"ఎవరు?" అంది ఆమె. అడుగుతున్నప్పుడే ఆమెకు తెలుసు.

గువ్వ కళ్లు తెరిచింది. కంగారుగా తండ్రిని వెనకేసుకొచ్చింది. "నాన్నకు కోపం లేదత్తా. నాన్న ఎప్పుడూ కోపంగా కొట్టరు. ముందు వాచీ తీసేస్తారు. కిటికీ వేస్తారు. నీళ్లు తాగుతారు. అప్పటికి కోపం పోతుందని నువ్వే చెప్పావుగా. కోపం పోయాక తలుపు గడియ పెడతారు."

"అమ్మ? అమ్మేం చేస్తుంది?"

"మిషను కుడుతుంది. నాన్న గ్లాసు కింద పెట్టిన చప్పుడు రాగానే మొదలెడుతుంది. నేను అరిస్తే వీధిలోకి వినపడకూడదు కదా."

టీచరు చాప మీద కూలబడిపోయింది. పిల్ల పాదాలను ఒళ్లోకి తీసుకోబోయి, ఎక్కడ పట్టుకుంటే నొప్పో తెలియక చేతులు వెనక్కి తీసుకుంది.

"నిన్న సోడాబుడ్డి వాచీ తీశాడత్తా," గువ్వ తనంతట తానే చెప్పింది. ఇందాక అత్త అడిగిన ప్రశ్నకు ఇప్పుడు బదులు దొరికినట్టు వరసగా చెప్పింది. "బెంచీ మీద పెట్టాడు. కిటికీ వైపు తిరిగాడు. నన్నెందుకు కొడతాడో నాకర్థం కాలేదు. మేమిద్దరం ఫ్రెండ్స్ కదా. అందుకని వాడు నీళ్లు తాగేలోపే..."

ఆ ఆట పెట్టింది కోపం టీచరే. కోపం వచ్చినవాడిగా సోడాబుడ్డిని ఎంచిందీ ఆమే, వాడి ఎదురుగా నిలబడమని గువ్వను లేపిందీ ఆమే. 'భయపడకు, వాడేం చేస్తాడో చూస్తూ ఉండు' అని భుజం తట్టి మరీ నిలబెట్టింది. గువ్వ చూస్తూనే ఉంది. ఆ పిల్లకు తెలిసినంత బాగా ఆ మెట్లు ఆ క్లాసులో ఇంకెవరికీ తెలియవు.

"ఇంక బడి లేదటగా అత్తా? పెద్ద మేడం చెప్పారు. సాయంత్రం నాన్న వచ్చి తీసుకెళ్తారట. ఇంట్లోనే ఉంచుకుంటారట." గువ్వ మేజోడును వేళ్లతో నలుపుతూ అడిగింది. "రోజంతా నాన్నతోనేనా?"

"లేదు తల్లీ. ఈ రాత్రి నువ్వు మా ఇంట్లో పడుకుంటావు. నేను మాటిస్తున్నా," అంది టీచరు.

మాట ఇవ్వడం ఎంతసేపు. నిలబెట్టుకోవడానికే ఆ సాయంత్రం ఆమె కాలుగాలిన పిల్లిలా తిరగాల్సి వచ్చింది.

ముందు పిల్లల రక్షణ చూసే ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతలి మనిషి ఎంతో మర్యాదగా విని, రేపు తప్పకుండా మనిషిని పంపిస్తామన్నాడు. ఇవాళకూ రేపటికీ మధ్య ఒక రాత్రి ఉంది కదండీ అంటే, మా దగ్గర ఉన్న మనుషులే తక్కువ మేడం అన్నాడు. తరవాత పెద్ద మేడం గదికి పరిగెత్తింది. పెద్ద మేడం చెడ్డది కాదు, ఎవరికీ చెడ్డ అనిపించుకోకుండా ఉండటమే ఆవిడ ఉద్యోగం. అంతా విని, తన కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ కళ్లద్దాలు కూడా ఊళ్లో కళ్లజోళ్ల షాపు నడిపే గువ్వ వాళ్ల నాన్న చేసినవే.

"ఆయనా?" అంది. "మన పిల్లలకు ఊరికే కళ్లు చూసి అద్దాలు పెట్టిన మనిషి. నిన్న ఆ పిల్లాడి ఇంటికి వెళ్లి వాళ్లమ్మా నాన్నల ముందు కంటతడి పెట్టుకున్నాడట. మీరే కదా పోయినేడు స్టేజీ మీద ఈయన్ని చూసి నేర్చుకోండి అన్నారు?"

"అన్నాను మేడం. పాప కాళ్లు ఒక్కసారి వచ్చి చూడండి."

పెద్ద మేడం చూడటానికి రాలేదు. చూస్తే తరవాత చూడలేదని చెప్పడానికి ఉండదు. "తండ్రి గేటు దగ్గరికి వచ్చి నా బిడ్డనివ్వండి అంటే నేను కాదనలేను. మీరు ఆయన చెల్లెలు. బడి వదిలేలోపు ఆయన చేత ఒక్క ఫోన్ చేయించండి, పాపను మీతో పంపిస్తాను. నేను చేయగలిగింది ఇంతే," అని తేల్చేసింది.

గువ్వను లైబ్రరీలో ఆయమ్మ దగ్గర కూర్చోబెట్టి, ఎవరొచ్చినా తాను వచ్చేదాకా కదలొద్దని చెప్పి, టీచరు అన్నయ్య షాపుకు బయల్దేరింది. దారి పొడుగునా ఒక్కటే మాట ఆమెను సూదిలా పొడుస్తోంది. చాలా ఏళ్ల కిందట అన్నయ్య పిడికిలితో షోకేసు అద్దం బద్దలుకొట్టుకుని, నెత్తురోడుతున్న చేత్తో తన దగ్గరికి వచ్చాడు. అప్పుడామె ఇంకా ఈ చదువే చదువుతోంది. ఆ చేతికి కట్టు కడుతూ, "కోపంలో చెయ్యెత్తకు అన్నయ్యా, ముందు వాచీ తీసెయ్" అని నేర్పింది. ఆమె మొదటి శిష్యుడు ఆయనే. ఆయన మారిన తీరు చూసుకునే ఆమె ఈ పనిని నమ్ముకుంది.

షాపులో ఆయన ఒక ముసలావిడకు కొత్త కళ్లద్దాలు పెడుతున్నాడు. సన్నటి మనిషి, సన్నటి వేళ్లు. అద్దాల కాడను ఆవిడ చెవి వెనక్కి దూదిని తాకినట్టు తాకి సర్దుతున్నాడు.

"చెవి దగ్గర నొక్కుతోందామ్మా?"

"లేదు నాయనా. నీ చేయి చల్లన." ఆవిడ గోడకున్న అద్దంలో చూసుకుని మురిసిపోయింది.

ఆవిడ వెళ్లాక ఆయన చెల్లెల్ని చూసి నవ్వాడు. బల్ల మీద నుంచి చిన్న కళ్లజోడు ఒకటి తీసి చూపించాడు. "ఆ పిల్లాడిది. ఇవాళ పొద్దున్నే కూర్చుని చేశా. ఈసారి కిందపడినా పగలని అద్దం వేశాను. నువ్వే ఇచ్చెయ్యమ్మా, నేనిస్తే వాళ్లు మొహమాటపడతారు."

"నీతో మాట్లాడాలన్నయ్యా."

"లోపలికి పద. ఇక్కడ ఎవరో ఒకరు వస్తుంటారు."

షాపు వెనకే వాళ్ల ఇల్లు. లోపలికి వెళ్లాలంటే మధ్యగది దాటాలి. అక్కడ వదిన కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కళ్లజోళ్లు పెట్టుకునే గుడ్డసంచులు ఆవిడే కుడుతుంది. మిషను పక్కన, మంచం కింద, అలమర పైన, ఎక్కడ చూసినా కట్టలు కట్టిన సంచులే. 'షాపులో ఉన్న కళ్లజోళ్లకంటే నీ సంచులే ఎక్కువ వదినా, ఎవరికమ్మా ఇన్ని?' అని టీచరు ఎన్నిసార్లో వేళాకోళం చేసింది. వదిన నవ్వి ఊరుకునేది. ఇవాళ టీచరు ఆ కట్టలవైపు మళ్లీ చూసింది. ఒక్కో కట్ట ఏ సాయంత్రానిదో ఎవరు చెప్పగలరు?

"పాపేదీ?" అంది వదిన.

"బళ్లోనే ఉంది వదినా."

వదిన బిగించి ఉంచిన భుజాలు ఒక్కసారి కిందికి జారాయి. వెంటనే తలొంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది.

మధ్యగది ఆనుకునే కళ్లు పరీక్ష చేసే గది. రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఒక చివర కుర్చీ, ఇంకో చివర గోడకు అక్షరాల చార్టు. దాని వెనక దీపం. పక్కన వీధిలోకి ఒక కిటికీ, దానికి నల్లటి తెర. బల్ల మీద నీళ్లకూజా, గాజుగ్లాసు. చిన్నప్పుడు గువ్వ ఈ గదిలో దాగుడుమూతలు ఆడేది. టీచరు కుర్చీలో కూర్చోలేదు.

"పాప కాళ్లు చూశాను," అంది.

ఆయన చార్టు దీపం వేశాడు. ముఖంలో రవ్వంత మార్పు లేదు. "ఊఁ. నిన్న తప్పలేదమ్మా. ఒకరి కన్ను పోగొట్టబోయింది. కళ్ల విలువ నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

"నిన్న ఒక్కరోజేనా? పాత మచ్చలేంటి మరి?"

"తప్పు చేసినప్పుడల్లా దిద్దాలి కదా. నువ్వు పిల్లల్ని దిద్దడం లేదూ? నీ పద్ధతి నీది." ఆయన గొంతు వెన్నలా ఉంది. "అయినా నువ్వే అడుగుతున్నావేంటమ్మా ఈ మాట? నేను నీ మాట జవదాటానా? అరిచానా ఎప్పుడైనా? చేతికందింది విసిరానా? అద్దం పగిలిన రోజు తరవాత నా గొంతు పెరగడం ఈ వీధిలో ఒక్కరు విన్నారా?"

"కొట్టొద్దని చెప్పానన్నయ్యా నేను."

"కోపంలో కొట్టొద్దని చెప్పావు." ఆయన వేలు ఎత్తి మెల్లగా సరిదిద్దాడు. "నాకు బాగా గుర్తుంది. ఆ ముక్కే నా బతుకు మార్చింది. కోపంతో కొట్టేది పశువు. ఒళ్లు తెలియదు, ఎక్కడ తగులుతుందో తెలియదు. నేను కోపం పోయేదాకా ఆగుతా. ఎంత తప్పు, ఎంత శిక్ష, ఎక్కడ తగలాలి, అన్నీ ఆలోచించుకుంటా. మొహం మీద ఒక్కనాడైనా దెబ్బ పడిందా దానికి? అరికాలైతే ఎముకకు ప్రమాదం ఉండదు."

ఇలాంటి మనిషికి తానేం నేర్పిందో, తన నోటి మాట ఇన్నేళ్లూ ఈ గదిలో ఎలా బతికిందో అర్థమై, టీచరుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాలుగో మెట్టేంటి?" అంది. "చెప్పన్నయ్యా. నాలుగోది ఏం చెయ్యమన్నాను?"

"తలుపు తీసుకుని బయటికి వెళ్లమన్నావు."

"రెండోది?"

"కిటికీ తెరవమన్నావు. అవి రెండూ మొదట్లో చేశాను. బయటికి వెళ్లి వీధిలో తిరిగొచ్చేవాణ్ని. తిరిగొచ్చేసరికి తప్పు చేసినవాళ్లు హాయిగా అన్నం తింటుండేవారు. ఇదేం న్యాయం? మెట్లు బాగానే ఉన్నాయి, కొంచెం సర్దుకోవాలంతే. కళ్లద్దాలు ఎవరి ముక్కుకు తగ్గట్టు వాళ్లకు సర్దుతాను, ఇదీ అంతే అనుకో." ఆయన చిన్నగా నవ్వాడు. "ఆ రోజు షోకేసు ఎందుకు పగిలిందో నీకు చెప్పలేదు కదూ? మీ వదిన పక్కకు తప్పుకుంది, అందుకని. కోపంలో గురి తప్పుతుందమ్మా. ఇప్పుడు తప్పదు."

పక్కగదిలో మిషను చప్పుడు లేదు. వదిన అక్కడే ఉందని, గోడకవతల ప్రతి మాటా వింటోందని టీచరుకు తెలుస్తూనే ఉంది.

"పాప ఇవాళ నాతో వస్తుంది," అంది టీచరు. "రేపూ నాతోనే ఉంటుంది. పిల్లల ఆఫీసువాళ్లకు ఫోన్ చేశాను, రేపు వాళ్ల మనిషి వస్తాడు. నువ్వు పెద్ద మేడానికి ఇప్పుడే ఫోన్ చేసి పాపను నాతో పంపించమని చెప్పాలి. నేను నీ చెల్లెలిగా అడుగుతున్నా. కాదంటే పాప కాళ్లు వీధిలో అందరికీ చూపించి అడుగుతా. నీ చేతి కళ్లద్దాలు పెట్టుకున్న ప్రతి ఇంటికీ వెళ్లి చెబుతా."

ఆయన చెల్లెలి ముఖంలోకి, పవరు ఎంతుందో చూస్తున్నట్టు, కళ్లు చికిలించి చూశాడు.

"ఆఫీసుకు ఫోన్ చేశావా?" అన్నాడు చివరికి.

"చేశాను."

"నా గురించి. నా పేరు చెప్పి."

"అవును."

"నిన్ను నేనే చదివించాను కదమ్మా?"

అది నిజం. అమ్మానాన్నా పోయాక, ఈ చేతులే ఆమెకు అన్నం పెట్టాయి, ఫీజులు కట్టాయి, పరీక్ష రోజుల్లో బడి దాకా సైకిలు నడిపాయి. ఆ రుణం ఇప్పటికీ ఆమె గుండెల్లో బరువుగానే ఉంది. కానీ చాప అంచున మడమలు పెట్టి కళ్లు మూసుకున్న పిల్ల ఆమె ముందునుంచి కదలడం లేదు.

"ఫోన్ చెయ్యన్నయ్యా," అంది.

ఆయన తలూపాడు. ఒప్పుకున్నాడనే అనుకుంది ఒక్క క్షణం. జేబులోకి పోవాల్సిన చెయ్యి ఎడమ మణికట్టు దగ్గరికి వెళ్లింది. తోలుపట్టీ విప్పి, వాచీని లెన్సుల పళ్లెంలో బోర్లా పెట్టాడు.

"అన్నయ్యా, నేను పాపను కాదు."

"తెలుసమ్మా. నువ్వు పెద్దదానివి. పెద్దవాళ్లు చేసిన తప్పు ఇంకా పెద్దది." ఆయన కిటికీ దగ్గరికి నడిచాడు. రెక్కలు వేసి, నల్లతెర లాగాడు. గదిలో ఇక చార్టు వెలుగు ఒక్కటే మిగిలింది. ఆ వెలుగులో ఆయన కూజా ఎత్తి, గ్లాసులోకి నీళ్లు ఒంపి, గుక్కగుక్కగా తాగాడు. అది చూస్తూ ఆమెకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడు! ఇన్నేళ్లలో తన క్లాసులో ఒక్క పిల్లాడైనా నీళ్లు ఇంత నెమ్మదిగా తాగలేదు.

ఆమె తలుపు వైపు పరిగెత్తింది. ఆయన తొందరపడలేదు. ఆ గదిలో రెండడుగులు వేస్తే తలుపుకు అడ్డం నిలబడొచ్చు, ఆయన నిలబడ్డాడు. ఖాళీ గ్లాసును తలుపు పక్కనున్న స్టూలు మీద పెట్టాడు. గాజు చెక్కకు తగిలి చప్పుడయింది. తరవాత చెయ్యి వెనక్కి పెట్టి, చూడకుండానే గడియ వేశాడు.

గోడకవతల కుట్టుమిషను మొదలైంది.

గువ్వ చెప్పినట్టే మొదలైంది, గ్లాసు చప్పుడు వెంటనే. టకటకటకమని ఒకే వరసలో, ఊపిరి తీసుకోకుండా నడుస్తోంది. ఆ చప్పుడు ఆ గదిని నింపేసింది. ఇక్కడ ఎవరు ఎంత అరిచినా వీధిలో పోయేవాళ్లకు ఆ ఇంట్లో ఎవరో ఒళ్లు దాచుకోకుండా పనిచేసుకుంటున్నారనే అనిపిస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఈ చప్పుడు కింద ఎన్నిసార్లు నోరు తెరిచిందో తలుచుకుని టీచరుకు భయం పోయి దుఃఖం ముంచుకొచ్చింది.

"వదినా!" అని అరిచింది. "వదినా, పాప కోసం!"

మిషను ఆగలేదు. ఆయన తలుపు వదలకుండానే చెయ్యి చాచి బల్ల సొరుగు లాగి చెక్క స్కేలు తీశాడు. దాని ఒక అంచు చేతి రాపిడికి నున్నగా అరిగిపోయి ఉంది. "కూర్చో అమ్మా. చెప్పులు విప్పు," అన్నాడు, ఇందాక ముసలావిడతో మాట్లాడిన గొంతుతోనే.

"విప్పను."

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. ఆమె గోడకు ఆనుకుని, స్టూలు మీదున్న గాజుగ్లాసు అందుకుంది. అప్పుడు అర్థమైంది ఆమెకు, నీళ్లసీసా ఎత్తినప్పుడు గువ్వకు ఎలా ఉండి ఉంటుందో.

మిషను ఆగిపోయింది.

ఆయన కూడా ఆగాడు. స్కేలు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉంది. దారం తెగిందేమో, మళ్లీ మొదలవుతుందేమోనని ఒక క్షణం చూశాడు. మొదలవలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయిన చప్పుడు స్పష్టంగా వినపడింది.

"తొక్కు," అన్నాడు గోడవైపు తిరిగి, మెల్లగానే.

గోడకవతల కుర్చీ వెనక్కి జరిగింది. మంచం కింది నుంచి, అలమర పైనుంచి కట్టలు ఒక్కొక్కటే నేల మీద పడుతున్న చప్పుడు వినపడింది. తరవాత మధ్యగదిలోంచి షాపు వైపు, షాపులోంచి వీధి వైపు వెళుతున్న అడుగులు వినిపించాయి.

"నిన్నే! ఎక్కడికి పోతున్నావే?"

ఇన్నేళ్లలో ఆయన గొంతు ఆ ఇంట్లో లేవడం అదే మొదలు. అడుగులు ఆగలేదు. చార్టు వెలుగులో ఆయన చెవులు ఎర్రబడటం టీచరు చూసింది. కోపం వచ్చేముందు కనబడే గుర్తుల్లో ఆమె పిల్లలకు మొట్టమొదట చెప్పేది అదే. ఆయన కుడిచెయ్యి అలవాటు కొద్దీ ఎడమ మణికట్టును తడుముకుంది. అక్కడ విప్పడానికి వాచీ లేదు.